రెండో కన్ను

నగరి నుంచి కార్డు వచ్చింది. మూలలకు నల్ల సిరా పూసిన పోస్టుకార్డు. ముందు ఎడమ నుంచి కుడికి చదివాను. తర్వాత, ఆయన అలవాటు ప్రకారం, ఒక్కొక్క మాటే వెనక్కి నడుచుకుంటూ కుడి నుంచి ఎడమకు చదివాను. ఎటునుంచి చదివినా ఆయన పోయినట్టే ఉంది. వయసు నలభై నాలుగు. జబ్బు కామెర్లు. రాసినవాళ్ల చేతిరాత బాగుంది.

ఆ అలవాటు ఆయనకు పనిలోంచి అంటుకుంది. డెబ్భైల మధ్యలో, తిరుపతిలో, యూనివర్సిటీ ఫిజిక్సు వరండా చివర, కిటికీలకు నల్ల కాయితం అంటించిన గది ఒకటి ఉండేది. అందులో మేమిద్దరం పట్టపగలు చీకట్లో కూర్చుని పేలిపోయిన నక్షత్రాలకు జాతి నిర్ణయం చేసేవాళ్లం. ఆయన నాకు నాలుగేళ్లు సీనియరు. డిపార్టుమెంటులో ప్రొఫెసరుగారు తప్ప అందరూ ఆయన్ని అన్నా అనేవాళ్లు. అటెండరు ఆయనకన్నా పదేళ్లు పెద్దవాడు, అతనూ అన్నా అనేవాడు.

పని చెప్పడానికి సులభం. ఎక్కడో దూరపు గెలాక్సీలో ఒక నక్షత్రం పేలుతుంది. కొన్ని వారాలపాటు ఆ గెలాక్సీ మొత్తంతో పోటీపడి వెలిగి, ఆరిపోతుంది. ఆ వెలుగును తమిళనాడు కొండల మీది టెలిస్కోపువాళ్లు రంగులుగా విడదీసి వేలెడంత గాజు ప్లేటు మీద పట్టేవాళ్లు. ప్లేటు మీద బూడిదరంగు పట్టీ, పట్టీలో అక్కడక్కడా గీతలు. ఏ గీత ఎక్కడుందో కొలిస్తే ఆ నక్షత్రంలో ఏముందో తెలుస్తుంది. కోట్ల ఏళ్లు దారి తప్పకుండా వచ్చిన ఆ వెలుగు, చివరి మజిలీ మాత్రం వేలూరు నుంచి చిత్తూరికి ఒక బస్సులో, చిత్తూరు నుంచి తిరుపతికి ఇంకో బస్సులో, అటెండరు ఒళ్లో చెక్కపెట్టెలో కూర్చుని వచ్చేది. ఆ చివరి మజిలీలోనే రెండు ప్లేట్లు పగిలాయి.

కొలిచే యంత్రంలో ఒక మైక్రోస్కోపు, దాన్ని జరిపే ఒక మర ఉంటాయి. మరలో కాస్త వదులుంటుంది కాబట్టి ప్రతి గీతనూ ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి కొలవాలి. మేమంతా ఆ నియమాన్ని గదిలోనే వదిలేసి బయటికొచ్చేవాళ్లం. ఆయన వెంట తీసుకొచ్చేవాడు. హోటల్లో టిఫిన్ల బోర్డు రెండు వైపుల నుంచీ చదివి, చివరకు ఇడ్లీయే చెప్పేవాడు. బస్సు బోర్డు రెండు వైపుల నుంచీ చదివేలోపు బస్సు కదిలేది. నా పెళ్లి శుభలేఖ ఇస్తే రెండుసార్లు చూసి, ముహూర్తం దగ్గర ఒక అంకె తప్పు పడిందని చెప్పాడు. నిజంగానే పడింది. ఆ తప్పును మా ఇంట్లో నలుగురు పెద్దలు ఒకేవైపు నుంచి చదివి సరే అన్నారు.

ఆయన నాయన నగరిలో మగ్గం నేసేవాడు. పడుగులో తెగిన పోగు ఎక్కడుందో వెతికి ముడివేయడం ఆరో ఏటి నుంచీ ఈయన పని. వేల పోగుల్లో ఒకటి లేకపోతే, ఉన్నవాటిని చూడకుండా లేనిదాన్ని చూసే కళ్లు ఆయనవి. గదిలోకి వస్తూ వస్తూ నా చొక్కా వీపున ఒక పోగు లేదని చెప్పేవాడు. నేను చొక్కా విప్పి వెతికేవాణ్ణి. పోగు ఉండేది కాదు. ఆ తర్వాత ఆ చొక్కా వేసుకుంటే నాకు వీపున చలేసేది.

ఆయనకు కోపం రాగా నేను చూడలేదు. నచ్చని మాట వింటే చెవి వెనక పెన్సిలు తీసి, మొన చూసి, మళ్లీ అక్కడే పెట్టుకునేవాడు. తిట్టు అంతటితో పూర్తయ్యేది.

పేలిన నక్షత్రాలు అప్పటికి రెండు జాతులు. గీతల్లో హైడ్రోజన్ కనిపిస్తే రెండో జాతి. కనిపించకపోతే మొదటి జాతి. మొదటి జాతికి ఇంకో గుర్తు ఉంటుంది: పట్టీ ఎర్ర చివర, కొలబద్ద మీద ఆరువేల నూటయాభై అంకె దగ్గర, సిలికాన్ గీత. ప్రొఫెసరుగారి పట్టికలో రెండే గళ్లు ఉండేవి. ముప్ఫై ఎనిమిది నక్షత్రాలు ఆ రెండు గళ్లలో ఒద్దికగా సర్దుకున్నాయి. పదకొండో నంబరు సర్దుకోలేదు. దానిలో హైడ్రోజన్ లేదు, కాబట్టి రెండో జాతి కాదు. ఆ సిలికాన్ గీతా లేదు, కాబట్టి మొదటి జాతీ కాదని ఆయన అన్నాడు. ప్లేటు సరిగా పడలేదు, మొదటి జాతే రాయమని ప్రొఫెసరుగారు అన్నారు.

ఆ వారమే ఒక మధ్యాహ్నం ఇద్దరం అలిపిరి దగ్గర టీ తాగుతున్నాం. కొండ దిగి వచ్చే జనం. అందులో ఎక్కువ భాగం గుండ్లు. నేను ఊరికే ఉండలేక, హైడ్రోజన్ లేనివాళ్లంతా మొదటి జాతి అన్నాను. ఆయన నవ్వలేదు. పక్క బెంచీ మీద కూర్చున్న ఇద్దర్ని చూపించాడు. ఇద్దరికీ నెత్తిన వెంట్రుక లేదు. ఒకాయన గుండుకు చందనం పూసి ఉంది. రెండో ఆయనది సొంత బట్టతల.

"ఇద్దురూ ఒకటేనా నీ లెక్కలో?" అన్నాడు.

దూరం నుంచి ఒకటేగా అన్నాను.

"దూరం నుంచి అనే గదప్పా మన కష్టమంతా. ఒకడు మొక్కు తీర్చుకోని జుట్టు పోగొట్టుకున్యాడు. ఇంకొకనికి ఎప్పుడూ ల్యా. పదకొండో నంబరు ఉండిందాన్ని పోగొట్టుకున్న గుండు అని నా అనుమానం. మూడో గడి గీయాల."

ప్రొఫెసరుగారు మూడో గడి గీయనివ్వలేదు. ఆయన చెడ్డవాడు కాదు. కోస్తా నుంచి వచ్చి ఇరవై ఏళ్లు మా నీళ్లు తాగి మాకు నాలుగు ముక్కలు నేర్పినవాడు. ఏప్రిల్లో రిటైరవుతున్నాడు. ఏ గడిలోనూ చేరని నక్షత్రంతో ఈయన థీసిసు పంపిస్తే పరీక్షకుడు మిగతా ముప్ఫై ఎనిమిదినీ అనుమానిస్తాడని ఆయన భయం. తను వెళ్లేలోపు థీసిసు వెళ్లకపోతే, తర్వాత వచ్చేవాడికి నక్షత్రాల మీద ఆసక్తి లేదు. థీసిసు వెళ్తే జూన్‌లో ఈయనకు లెక్చరరు ఇంటర్వ్యూ ఉంది. నగరిలో నాయన పోయి మగ్గాలు తమ్ముడి నెత్తిన పడ్డాయి, ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు. అందరికీ అన్నీ తెలుసు. పదకొండో నంబరును థీసిసులోంచి తీసేయమని నేనే సలహా ఇచ్చాను.

"పోగు తెగిన జాగా కత్తిరించి పారేసి, గుడ్డ శానా బాగుండాదని అమ్మమంటావా?" అన్నాడు. పెన్సిలు తీసి మొన చూసుకున్నాడు.

మా డిపార్టుమెంటులో ఒక కట్టుబాటు ఉండేది. ప్రతి ప్లేటునూ ఇద్దరు కొలవాలి. మొదటివాడి అంకెలు రెండోవాడికి తెలియకూడదు. రిజిస్టరులో ఆ గడి మీద కాయితం కప్పి, గుండుసూది గుచ్చి ఇచ్చేవాళ్లు. ఈ రెండోవాణ్ణి రెండో కన్ను అనేవాళ్లం. ఇద్దరి అంకెలూ కలవకపోతే, గీత ఉందన్నవాడి మాటే చెల్లుతుంది. కనిపించినవాడు చూశాడు, కనిపించనివాడు చూడలేకపోయాడు అని న్యాయం. నిజానికి మంచి న్యాయమే. ఉన్నదాన్నే చూశానంటారని దాన్ని పెట్టినవాళ్లు నమ్మారు.

పదకొండో నంబరుకు రెండో కన్ను నేను.

ముందురోజు ప్రొఫెసరుగారు వరండాలో నన్ను ఆపారు. "జాగ్రత్తగా చూడవయ్యా. అక్కడ గీత ఉంటే వాడు గట్టెక్కుతాడు," అన్నారు. అంతే. అబద్ధం చెప్పమని ఆయన అనలేదు, అలా అనే మనిషీ కాదు. జాగ్రత్తగా అన్న మాటను కాస్త నొక్కారు.

మే నెల. ఫ్యాను వేస్తే యంత్రం అదురుతుందని ఆపేశాం. చెమట కంట్లోకి కారుతుంటే తుడుచుకుంటూ, ఆరువేల నూటయాభై దగ్గర గంటసేపు వెతికాను. ఎడమ నుంచి వెళ్లాను, కుడి నుంచి వచ్చాను. ప్లేటు సరిగానే పడింది. పట్టీ నున్నగా ఉంది. అక్కడ గీత లేదు. బలహీనంగా కూడా లేదు.

రిజిస్టరులో ఆరువేల నూటనలభై ఎనిమిది అని రాశాను. సరిగ్గా నూటయాభై రాస్తే అనుమానం వస్తుందని. పక్కన 'బలహీనం' అని కూడా రాశాను. నా నిజాయితీ ఆ మాట దాకా వచ్చి ఆగిపోయింది.

మర్నాడు గుండుసూది తీశారు. ఆయన నా గడిని రెండు వైపుల నుంచీ చదివాడు. నా వైపు తిరిగాడు.

"సూసినావా?"

"చూశాను."

"రెండు పక్కల్నించీ?"

"రెండు పక్కల నుంచీ."

పెన్సిలు తీయలేదు. తీస్తాడనుకుని నేను చెవి వైపే చూస్తున్నాను. "అట్లయితే ఉండాదిలే," అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు.

నేను వేసుకున్న లెక్క ప్రకారం ఆయన ఆ మధ్యాహ్నమే 'మొదటి జాతి' అని రాసి, టైపుకిచ్చి, జూన్ ఇంటర్వ్యూకు ముందే గట్టెక్కి ఉండాలి. ఏప్రిల్ దాటినా, ప్రొఫెసరుగారికి దయదలచి ఇచ్చిన మూడు నెలల పొడిగింపు నడుస్తోంది. కానీ అందులో ఒక నెల ఆయన పదకొండో నంబరు ముందే కూర్చున్నాడు. నేను చూసిన గీత ఆయనకు కనిపించలేదు. నెల తర్వాత వచ్చి, థీసిసు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాడు.

ఇంతకీ ఎందుకంటే, ఉన్న గీత ఒకటి తనకు కనపళ్లేదని తేలింది గదా, మిగతా ముప్ఫై ఎనిమిదిలో కనపడనివి ఇంకెన్ని ఉన్నాయో అన్నాడు. "నా అంత పొద్దు కూసోకుండానే నీకు కనపడింది. నా కండ్లు సరిగా లేవప్పా. మళ్లీ మొదటి నుంచి కొలవాల." బతకనేర్చిన ఏ రీసెర్చి స్కాలరూ చేయని పని అది. అబద్ధం నేనాడితే, ఆయన తన కళ్ల మీద కేసు పెట్టాడు.

ఆయన్ని చిత్తూరు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది నేనే. ఆయన గోడ మీది అక్షరాల అట్టను చివరి వరస దాకా చదివాడు. తర్వాత కుడి నుంచి ఎడమకు చదివాడు. అడక్కుండానే, అట్ట అడుగున చీమంత అచ్చులో ఉన్న ముద్రాపకుడి ఊరు పేరు చదివాడు. డాక్టరు టార్చి ఆపేసి, నాకు నీ కండ్లిస్తే నావి నీకిస్తానన్నాడు.

"అక్షరాలు నల్లగా ఉండాయి గదా సార్," అన్నాడు ఆయన. "అవి ఎవురికైనా కనపడతాయి."

తిరుగు బస్సులో నేను కిటికీ వైపు కూర్చున్నాను. పాకాల వచ్చేదాకా చెప్పేద్దామనుకున్నాను. పాకాల దాటాక, తిరుపతిలో దిగాక చెబుదామనుకున్నాను. రిజిస్టరులో నా సంతకం కింద ప్రొఫెసరుగారి సంతకం కూడా పడింది కాబట్టి చెప్పలేకపోయానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది మంచి కారణమే. కాకపోతే, కారణం అది కాదు. ఆయన నన్ను నమ్మినంతగా నన్ను ఎవరూ నమ్మలేదు, ఆ ఒక్క సౌకర్యం పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ప్రొఫెసరుగారు వెళ్లిపోయారు. కొత్తాయన నల్ల కాయితాలు పీకించి ఆ గదిలో బీరువాలు పెట్టించాడు. స్కాలర్‌షిప్పు ఆగింది. ఆయన పద్నాలుగో ప్లేటు దాకా మళ్లీ కొలిచి, నగరి వెళ్లిపోయాడు. నేను వేరే అంశం మీద డాక్టరేటు తీసుకుని చిత్తూరు కాలేజీలో చేరాను. పిల్లలకు కాంతిశాస్త్రం చెప్పాను. కొలతల్లో తప్పులు అన్న పాఠం నేను బాగా చెబుతానని పేరు.

ఎనభైల మధ్యలో ఒక వేసవి, పరీక్ష పేపర్లు దిద్దడానికి తిరుపతి వెళ్లినప్పుడు, ఎండకు తాళలేక లైబ్రరీలో దూరాను. అక్కడ ఒక విదేశీ పత్రిక. హైడ్రోజన్ లేకుండా, ఆ సిలికాన్ గీతా లేకుండా పేలే నక్షత్రాలు వేరే జాతి అని అందులో రాశారు. తమ పైపొరను ముందే పోగొట్టుకున్న పెద్ద నక్షత్రాలు అయి ఉండవచ్చట. బొమ్మ వేశారు. ఆరువేల నూటయాభై దగ్గర నున్నగా ఉంది. ఆ వంపు నాకు బాగా తెలిసిందే. గంటసేపు చూశాను కదా.

ఆ రోజు నేను దిద్దిన పేపర్లలో అందరూ పాసయ్యారు.

బొమ్మను ట్రేసింగు కాయితం మీద దించుకుని, ఆదివారం నగరి బస్సెక్కాను. ఈసారి చెప్పేయాలనే వెళ్లాను. వీధిలో పొడవునా పడుగు సాచి గంజి పెడుతున్నారు. ఆయన ఒక కొస పట్టుకుని నిలబడి ఉన్నాడు, ముప్ఫై అడుగుల అవతలి నుంచే నన్ను గుర్తుపట్టి చెయ్యెత్తాడు. ఆయన భార్య పడుగు పొడవునా వంగి నడుస్తూ తెగిన పోగులు వెతుకుతోంది. నువ్వు వెతకవా అన్నాను. ఆ పని మానుకున్నానని చెప్పాడు. "నా కండ్ల సంగతి నీకు తెలుసు గదా," అన్నాడు మామూలుగా, ఇంకెవరికో మోకాళ్ల నొప్పి అన్నట్టు.

అరుగు మీద కూర్చుని బొమ్మ చూశాడు. ఎడమ నుంచి, కుడి నుంచి. నేను పత్రికలో ఉన్నదంతా చెప్పాను. ఆయన ముఖం వెలిగింది. పదేళ్లలో ఆయన నవ్వడం అదే మొదటిసారి అనుకుంటాను.

"మూడో గడి గీసినారన్నమాట. శానా బాగుండాది. నేను గూడా అప్పుడు ఇట్లాంటిదే అనుకున్యా, గ్యాపకం ఉండాదా, పదకొండో నంబరు."

"అదే ఇది," అన్నాను.

"అది ఇదెట్లవుతాది? దాంట్లో గీత ఉండాది గదా, బలహీనంగా. నువ్వు సూసినావు." కాయితాన్ని జాగ్రత్తగా మడిచి నా చేతిలో పెట్టాడు. "నువ్వు లేకుంటే నేను తప్పు రాసేసేవాణ్ణి. నీ పున్యాన పరువు దక్కింది."

నేను నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే ఆమె కాఫీ తెచ్చింది. తాగాక, చక్కెర సరిపోయిందా అన్నా అని అడిగింది. సరిపోయిందన్నాను. ఆ ఇంట్లో ఆ రోజు నేను చెప్పిన నిజం అదొక్కటే.

కార్డు అందేసరికి పదకొండో రోజు అయిపోయింది. ఆ ఆదివారం వెళ్లాను. తమ్ముడు ఊళ్లో లేడు. ఆయన భార్య మగ్గం ముందు కూర్చుని తెగిన పోగు ముడివేస్తోంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. గోడకు ఆనుకుని కూర్చున్నాను. పరామర్శకు వెళ్లినవాడు అడగాల్సినవన్నీ అడిగాను, ఆమె చెప్పాల్సినవన్నీ చెప్పింది.

"ఆయన కళ్లకు ఏ లోపమూ లేదమ్మా," అన్నాను.

"అది మాకు తెలీదా అన్నా?" తల ఎత్తకుండానే అంది. "పోయే ముందు వారం గూడా ఆ మంచంలో పడుకోనే, ఈ మగ్గంలో పోగు తెగిందని సెప్పినాడు. పోయి సూస్తే తెగింది. అయినా నమ్మడే. నువ్వు ఇంగోతూరి సూడు, ఇంగోతూరి సూడు అంటాడు. ఎవురో సెప్పినారంట, ఉండేది గూడా ఈయనకి కనపళ్లేదని. ఎవురని అడిగితే పేరు సెప్పడు. బాగా కావాల్సినోళ్లంట. పరాయోళ్లు సెప్పింటే నమ్మేవాణ్ణి కాదు అంటాడు."

"అది నేనేనమ్మా. అక్కడ ఏమీ లేదు. ఉందని రాశాను."

ఆమె చేయి పోగు మీద ఆగింది. ఎందుకని అడుగుతుందనుకున్నాను. అడిగితే చెప్పడానికి పన్నెండేళ్లుగా ఒక జవాబు తయారుచేసుకుని ఉన్నాను, మంచి జవాబు, అందులో ఆయన మేలు తప్ప ఇంకేం లేదు.

ఆమె అడగలేదు. ముడి వేసి, కొస కొరికి, పోగును వేలితో మీటి చూసింది.

"నాలుగు గంటల బస్సు తప్పితే మళ్లీ ఆరుకే అన్నా," అంది.

అప్పటికి ఇంకా రెండు కాలేదు. లేచి చెప్పులేసుకున్నాను.